తలుపు నుంచి తొమ్మిది అంగలు

"గాజు పగలకూడదు. లోపలిది కాలాలి," అన్నాడు చీఫ్. ఆయన బ్రీఫింగులన్నీ ఇలాగే టెలిగ్రాముల్లా ఉంటాయి.

ఎదురుగా నిలబడ్డ ఏజెంటును డిపార్ట్‌మెంటులో అందరూ సన్యాసి అంటారు. యాభై నిండినా వెనకా ముందూ ఎవరూ లేని మనిషి. పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పేవాళ్లు కూడా అతని దొంగ పాస్‌పోర్టులోని తేదీకే చెబుతారు.

"రేపు పదకొండు గంటలకి వేలం హాల్లో ఒక పాత పుస్తకం అమ్ముతారు. పేజీ గుర్తుగా అందులోంచి ఒక నల్ల ఫిల్మ్ ముక్క బయటికి వేలాడుతూ ఉంటుంది. దాని మీద ముప్ఫై ఒక్కమంది మన ఏజెంట్ల పేర్లు. కొనేవాడు విదేశీ ముఠా మనిషి. కాపీ తీయలేదు, ఆ ముఠాలో ఒకళ్లనొకళ్లు నమ్మరు కాబట్టి. పుస్తకం ఉన్న గాజుపెట్టె ముట్టుకుంటే అలారం. హాల్లోకి ఆయుధం పోదు."

"అక్కడ మనవాళ్లెవరున్నారు సార్?"

"రిసెప్షనిస్టు. ఆవిడ తమ ఏజెంటని ముఠావాళ్లనుకుంటున్నారు. లిస్టులో మొదటి పేరు ఆవిడదే."

సన్యాసి ముఖం చెక్కుచెదరలేదు. ఆరేళ్ల కిందట ఒక మిషన్ కోసం మూడేళ్లు అతనూ ఆమే మొగుడూపెళ్లాలుగా ఒకే ఇంట్లో ఉన్నారు. మిషన్ అయిపోగానే మ్యారేజ్ సర్టిఫికెట్ స్టోర్స్‌కి వాపసు చేసి, రసీదు తీసుకున్నారు. ఆ తర్వాత అతను ఏ ఊళ్లో ఏ గది తాళం తీసినా, లోపల్నుంచి "వచ్చారా?" అనే మాట కోసం ఒక్క క్షణం ఆగుతాడు.

స్టోర్స్‌లో బాబాయ్ బల్లమీద మూడు లేజర్లు పెట్టాడు. మూడూ చేతి టార్చీల్లా ఉన్నాయి. డిపార్ట్‌మెంటుకంతటికీ ఆయన బాబాయే.

"ఈ ఆకుపచ్చది చూడ్డానికి మహా ఆర్భాటం. కాల్చమంటే మాత్రం అగ్గిపుల్ల కూడా కాల్చదు. ఇదిగో, ఈ ఇన్‌ఫ్రారెడ్ కాలుస్తుంది కానీ కంటికి కనబడదు. నువ్వు కాల్చింది ఫిల్మో, పక్కవాడి కన్నో నీకే తెలీదు. చిన్న నీలంది తీసుకో అబ్బాయ్. జేబులో పడుతుంది, నల్లటిదేదైనా ఇట్టే కాలుస్తుంది. ఆరు మీటర్లకి సరిపోతుంది."

"ఆరని ఎవరన్నారు?"

"ఆవిడ మెసేజ్ పంపింది. తలుపు నుంచి పెట్టెకి తొమ్మిది అంగలు. పైన చీఫ్ ఆఫీసులో లెక్కకట్టి ఆరని పంపారు."

సన్యాసి ఆ మెసేజ్ కాగితం తీసుకుని చదివాడు. "ఆవిడ కుడికాలు పడ్డప్పుడే లెక్కపెడుతుంది బాబాయ్. అంటే పద్దెనిమిది. హీల్స్‌లో అంగ చిన్నది. పదకొండు మీటర్లు."

"కుడికాలేంటి?"

"రోజూ డాబా మీద నడిచేవాళ్లం. ఎడమకాలు లెక్క నాది."

బాబాయ్ చిన్న లేజర్ పక్కకి జరిపాడు. అడుగు అరలోంచి బరువైన నీలం టార్చి తీసి ముందు పెట్టాడు. పదకొండు మీటర్లకి చిన్న లేజర్ చుక్క చెదిరిపోతుంది, ఫిల్మ్ వెచ్చబడి ఊరుకుంటుంది. ఇద్దరూ కారిడార్లో టేపు పరిచి, గోడకి నల్ల ఫిల్మ్ అంటించి, లెన్స్ తిప్పుతూ ఫోకస్ చూశారు. అయిదు సెకన్లకి కన్నం పడింది. లెన్స్ కదలకుండా దాని చుట్టూ సన్యాసి ప్లాస్టర్ వేశాడు. అక్కడికి పోయి ఫోకస్ వెతుక్కుంటూ కూర్చుంటే ఆ నీలి వెలుగు హాలంతా చూస్తుంది.

"గాజు మీదనుంచి కొంత వెలుగు వెనక్కి కొడుతుంది," అన్నాడు బాబాయ్. "నీకు నీలం వెలుగు ఆపే కళ్లద్దాలున్నాయి. ఆవిడకి?"

"ఇటు చూడొద్దని చెప్తాను." రెండు ముక్కల కోడ్‌లో ఆ కబురు వెళ్లింది. మూడేళ్ల తర్వాత ఆమెకి అతను పంపిన మొదటి మాట అదే.

మర్నాడు పాత పుస్తకాలు సేకరించే, కంటి ఆపరేషన్ చేయించుకున్న ముసలాయన వేషంలో, నారింజరంగు అద్దాలు పెట్టుకుని హాల్లోకి వెళ్లాడు. పాత సరుకు చూడ్డానికి వచ్చేవాళ్లందరి చేతుల్లోనూ టార్చీలే, గార్డు రెండోసారి చూడలేదు. గుమ్మం దగ్గర ఆమె క్యాటలాగ్ ఇచ్చింది. ముదురు ఎరుపు చీర, పైకి ముడేసిన జుట్టు. కొంచెం చిక్కింది.

"దూరానివి కనబడతాయా అండీ?" అని అడిగింది. అది కోడ్.

"దూరానివే కనబడతాయమ్మా," అన్నాడతను. కోడ్ కూడా అదే, నిజం కూడా అదే.

అతను తలుపు పక్కనే ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. ఆమె వెళ్లి పెట్టెకి వీపు తిప్పి, నీలి చుక్క జనానికి కనబడకుండా క్యాటలాగ్ అడ్డం పట్టుకుని నిలబడింది. ఫిల్మ్ ఆమె మోచేతికి జానెడు దూరంలో ఉంది. అతని చెయ్యి వణికితే ఆమె చర్మం కాలుతుంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

బూడిదరంగు కోటు మనిషి చెయ్యెత్తాడు. ఇంకెవరూ ఎత్తలేదు.

"ఒకటోసారి," అన్నాడు వేలంవాడు.

సన్యాసి మీట నొక్కాడు. అద్దాల్లోంచి చుక్క అతనికీ కనబడదు. టార్చి మీది గురినే నమ్ముకోవాలి. ఒకటి, రెండు, మూడు. ఫిల్మ్ కదల్లేదు. చీఫ్ లెక్కే సరైనదేమో, ఇన్నేళ్లలో ఆమె అలవాటు మారిపోయిందేమో అనుకున్నాడు.

"రెండోసారి."

ఫిల్మ్ అంచు ముడుచుకుంది. సన్నటి పొగ పైకి లేచింది. అతను చుక్కని మెల్లగా ఆ చివరిదాకా లాగాడు.

"మూడోసారి," అంటూ సుత్తి పడేసరికి ఫిల్మ్ నల్లటి ముద్దయింది. అలారం మోగలేదు. గాజుని ఎవరూ ముట్టుకోలేదు మరి. కోటు మనిషి పెట్టె తెరిచి చూసి పాలిపోయాడు. ఎవరికని చెప్పుకుంటాడు? అతను పాడుకుంది పుస్తకం, పుస్తకం నిక్షేపంలా ఉంది.

ఆమె వెనక్కి తిరగకుండా పక్క తలుపు గుండా వెళ్లిపోయింది. తనే చూడొద్దన్నాడు. అయినా సన్యాసి హాలు ఖాళీ అయ్యేదాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాడు.

"గుడ్," అన్నాడు చీఫ్ సాయంత్రం. "ఆవిణ్ణి వేరే దేశం పంపిస్తున్నాం. మళ్లీ భార్యాభర్తల వేషమే. నిన్ను చూసినవాళ్లున్నారు కాబట్టి నువ్వు పనికిరావు. భర్తగా ఇరవైరెండో నంబర్ ఏజెంటు వెళ్తున్నాడు."

సన్యాసి ఆడపిల్ల తరఫు పెద్దమనిషిలా నెమ్మదిగా అడిగాడు.

"కుర్రాడు మంచివాడేనా సార్?"

చీఫ్ ఫైలు తిరగేశాడు.

"షూటింగ్‌లో ఫస్టు."