చెప్పకుండా కలిపిన గొట్టం

ఆషాఢ మంగళవారం. పెద్దాపురం మరిడమ్మ తల్లికి నైవేద్యం తీసుకెళ్ళాలని అచ్చాయమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, గోబర్ గ్యాస్ స్టవ్ మీద పరమాన్నం వండుతోంది. కట్టెల పొయ్యి మానేశాక ఆమె ఆయాసం చాలావరకు తగ్గింది.

పెరట్లో ప్లాంటు చూడటానికొచ్చిన తాపీమేస్త్రి సామ్యేలు కిటికీ దగ్గర ఆగాడు.

"మంట బావుందాండీ అమ్మగారూ? మరుగుదొడ్డి గొట్టం కూడా కలిపేశాం కదండీ, ఇంక గ్యాసుకి లోటుండదండి."

అచ్చాయమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. పక్కనే ఉన్న కొడుకు మణిదీప్ తల దించుకున్నాడు. కోడలు దేవిశ్రీ ముఖం పాలిపోయింది.

"ఒక గేదె పోయింది కదా అత్తయ్యా. ఉన్నదాని పేడతో గ్యాసు చాలట్లేదు. అందుకని..."

"ఎప్పట్నించి?"

"నెల్లాళ్ళైంది."

"ఈ నెల్లాళ్ళూ దీని మీదే నాచేత దేవుడికి వండించావా? నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఒప్పుకోరని."

"ఒప్పుకోనని తెలిసే చేశావన్నమాట!"

"అమ్మా, వచ్చేది గ్యాసేగా..." అన్నాడు మణిదీప్.

"నువ్వు మాట్లాడకురా!"

స్టవ్ ఆపేసి, పరమాన్నం గేదె కుడితిలో పోసేసింది. పెరట్లోని పాత పొయ్యిలో కొబ్బరిమట్టలు పెట్టి అంటించింది. వానకు తడిసిన మట్టలు మండక పొగ కమ్మేసింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చి, ఊపిరందక కూలబడిపోయింది.

దేవిశ్రీ ఇన్‌హేలర్ తెస్తే చెయ్యి తోసేసింది. దేవిశ్రీ దాన్ని ఆమె ఒళ్ళో పెట్టింది.

"తప్పు నాదే అత్తయ్యా. ఆయాసంతో మీరు కూర్చునే నిద్రపోయిన రోజులు చూశాను. అవి మళ్ళీ వస్తాయని భయపడ్డాను. అయినా మీకు చెప్పాల్సింది." సామ్యేలు వైపు తిరిగింది. "ఆ గొట్టం తీసేయండి."

"తీసేస్తే గ్యాసు ఒక పూటకే వస్తుందండి."

"రెండో పూట ఈ పొయ్యి మీద నేను వండుతాను."

ఆమె వంగి ఊదడం మొదలుపెట్టింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా, దగ్గుతున్నా లేవలేదు.

అచ్చాయమ్మ ఇన్‌హేలర్ పీల్చుకుంది. ఊపిరి కుదుటపడ్డాక కోడలి వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ వయసులో తనూ ఇలాగే పొయ్యి ముందు కూర్చునేది. లెమ్మని తనతో ఒక్కరూ అనలేదు.

"లే దేవీ," అంది.

దేవిశ్రీ తలెత్తింది.

"గొట్టం ఉండనీ. అమ్మవారి నైవేద్యం మాత్రం కుంపటి మీద వండుకుందాం. ఇంకెప్పుడూ నాకు తెలీకుండా ఏదీ చెయ్యకు."

దేవిశ్రీ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేసింది. అచ్చాయమ్మ కొంగుతో ఆమె ముఖం తుడిచింది.

"ఊరుకోమ్మా. ఇద్దరం ఏమీ తినలేదు. లోపలికి పద, స్టవ్ వెలిగిద్దువుగాని."