మర్జాన్ మేడలో పన్నీరు బుడ్డి

ఆ సోమవారం ఉదయం ఫకి చేతిలో ఉన్నవి రెండే. ఒకటి, మూతపడిన లవంగాల కొట్టు తాళంచెవి. రెండు, నేర పరిశోధకుడు ఉస్సి పాందు దగ్గర సహాయకుడి పని. కొట్టుతో పోయినదాన్ని ఫకి ఏనాడో నష్టం కింద రాసేసుకున్నాడు. ఈ పనిలో మాత్రం ఒక లోటు రోజూ కనబడుతోంది. జాంజిబార్ సందుల్లో ఎవరు ఎదురైనా సలాం ఉస్సికే. ఉస్సి తెలివి చూసి ఫకి ముచ్చటపడని రోజు లేదు, ఆ సలాములు చూసి కుళ్లుకోని రోజూ లేదు.

తలుపు తోసుకుని ఒకామె వచ్చింది. పరుగున వచ్చినట్టుంది, కప్పుకున్న కంగా గుడ్డ భుజం మీంచి జారిపోతోంది.

"అయ్యా, ఉస్సిగారంటే మీరేనా?" అని ఫకినే అడిగింది.

ఫకికి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. "ఆయన లోపలున్నారు" అన్నాడు.

ఆమె పేరు మీజె. మొగుడు మకామె తాపీ పనివాడు. మర్జాన్ మేడ హోటల్లో పాత గోడలకు సున్నం గచ్చు వేస్తున్నాడు. గురువారం అక్కడ వెండి పన్నీరు బుడ్డి పోయింది. దాన్ని చుట్టి ఉంచే మఖ్మల్ గుడ్డ మకామె పనిముట్ల బుట్టలో దొరికింది.

"రేపు మధ్యాహ్నం నమాజులోగా బుడ్డి దొరక్కపోతే పోలీసుల్ని పిలుస్తానంది షినూనా అమ్మగారు. దొంగన్న పేరు పడ్డాక పాతబస్తీలో ఏ ఇంటివాళ్లు అతన్ని గడప తొక్కనిస్తారయ్యా?"

ఉస్సి లేచాడు. "ఫకీ, బట్టలు సర్దు. ఈ పూట మనం ఆ హోటల్లో అతిథులం."

మర్జాన్ మేడ ఒకప్పుడు లవంగాల షావుకారు ఇల్లు. మూడంతస్తుల పగడపురాతి కట్టడం, నడిమిన నడవ, చెక్కుడు తలుపులు. ఇప్పుడు పన్నెండు గదుల హోటలు. యజమానురాలు షినూనా గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఈ ఇంటికి ఎవరొచ్చినా మా అమ్మమ్మ బుడ్డితో పన్నీరు చల్లి లోపలికి పిలిచేదాన్ని. ఇవాళ ఒట్టి చేతులతో పిలుస్తున్నాను, సిగ్గుగా ఉంది."

"గురువారం ఇంట్లో ఎవరెవరున్నారు?" అన్నాడు ఉస్సి.

"నేను, వంటమనిషి సుబిరా, తాపీవాళ్లిద్దరూ. అతిథులంతా పడవల మీద వెళ్లారు. బుడ్డి ఈ గోడ గూట్లో ఉంటుంది. లేదని చూడగానే వీధి తలుపు వేయించి అందరి ఒళ్లూ, సంచులూ వెతికాను. గుడ్డ దొరికింది గానీ బుడ్డి లేదు."

"తాపీ పని?"

"ఆ నిమిషమే ఆపించేశాను. ఆ తర్వాత గోడ మీద చెయ్యి పడలేదు, చుక్క నీళ్లు పడలేదు."

ఉస్సి మెట్ల పక్క గోడను చూస్తూ నిలబడ్డాడు. కొత్త గచ్చు అతుకులన్నీ జనవరి ఎండకు ఎండి సన్నగా పగుళ్లిచ్చాయి.

వంటింట్లో సుబిరా కొబ్బరి కోరుతూనే జవాబిచ్చింది. "నా వంటింట్లో బుడ్డి దాక్కుంటుందా బాబూ? అయినా ఇక్కడ నా మాట ఎవరికి కావాలి? ఆ మకామె కుర్రాడంటే అమ్మగారికి ఎంత మురిపెం! పైకప్పు గది పని మొత్తం ఒక్కడికే అప్పజెప్పింది. నేను పదేళ్లుగా వండుతున్నా, నాకో కొత్త పొయ్యి లేదు."

పెద్ద మేస్త్రి వువాయ్ అరుగు మీద కాఫీ తాగుతున్నాడు.

"మకామె మంచివాడే బాబూ. సున్నం నానబెట్టడం కూడా రాని రోజుల్లో చెయ్యి పట్టి నేర్పింది నేను. ఇప్పుడు వాడు గోడకు చెయ్యానిస్తే అతిథులు ఫోటోలు తీస్తారు. నేను అడ్డొస్తే, తాతా కాస్త జరుగు అంటారు." నవ్వాడు. కళ్లు నవ్వలేదు.

"పని ఆగింది కదా, ఇంకా వస్తున్నారే?"

"అలవాటు. అమ్మగారి మొక్కలకు నాలుగు నీళ్లు పోసి పోతాను."

మకామె వీధి చివర కూర్చుని ఉన్నాడు. "నేను తియ్యలేదండీ. ఆ రోజు మెట్ల మొదటి మలుపు వరకూ గచ్చు అయింది. అక్కడి రెహాని తులసి కుండీల వెనక బొక్క ఒక్కటే వదిలేశాను. అక్కడ దూలం చివర పుచ్చిపోయింది, మార్చాకే పూడ్చాలి."

ఫకికి ఆ రాత్రి పట్టిన నిద్ర వేరు. ఒకప్పుడు లవంగాల బస్తాలు మోయించుకుంటూ పెరటి దారిన వచ్చిన ఇంట్లోనే, పీట వేసుకుని ఎక్కాల్సిన పట్టెమంచం మీద పడుకున్నాడు.

తెల్లారాక కాఫీ కోసం దిగుతుంటే వువాయ్ నీళ్ల కెటిల్‌తో ఎదురొచ్చి, సలాం చెప్పి, కిందికి వెళ్లిపోయాడు. ఫకి మలుపు దగ్గర వాసన చూద్దామని రెహాని కొమ్మ పట్టుకున్నాడు. ఆకులు వాడి వేలాడుతున్నాయి. మట్టిలో వేలు గుచ్చాడు. పొడిదుమ్ము. నేల మీద మాత్రం నీళ్లు. కుండీ జరిపితే వెనక గోడ చల్లగా, తడిగా తగిలింది. ఆ అతుకు మీద వెంట్రుకంత పగులు లేదు.

ఫకి అక్కడే ఆగిపోయాడు. ఈ సంగతి తన దగ్గరే ఉంచుకుని మధ్యాహ్నం అందరి ముందూ తనే చెబితే? పేరంతా తనకే. కానీ సరిగ్గా చెప్పలేకపోతే? ఎదురు ప్రశ్నకు తడబడితే? తన పేరు పెరగడానికి పణంగా పెట్టేది మకామె పేరు. బేరం బాగోలేదు. మెట్లు రెండేసి ఎక్కి ఉస్సిని లేపాడు.

మధ్యాహ్నానికి ముందే ఉస్సి మకామెను, మీజెను కూడా పిలిపించి అందరినీ నడవలో కూర్చోబెట్టాడు.

"బుడ్డి ఈ ఇల్లు దాటలేదు. తీసినవాడికి దాన్ని అమ్ముకునే ఉద్దేశం లేదు. గుడ్డను మకామె బుట్టలో పెట్టాడంటే, అతనికి కావలసింది మకామె మీద నింద. వెతుకులాట మొదలవక ముందే బుడ్డిని ఒక బొక్కలో పెట్టి గచ్చుతో మూసేశాడు. చుట్టూ కొత్త అతుకులే కాబట్టి ఇంకొకటి ఎవరికీ తెలియదు."

"అలాగైతే మకామే చేసుండొచ్చుగా?" అంది సుబిరా.

"మకామెను నాలుగు రోజులుగా గడప తొక్కనివ్వలేదు. నీళ్లు కొట్టని గచ్చు అంతా పగిలింది. ఒక్క చోట పగల్లేదు, కుండీల వెనక. పూడ్చలేదని మకామె చెప్పిన చోటే. అక్కడ రోజూ ఎవరో నీళ్లు కొడుతున్నారు. మొక్కలు మాత్రం దాహంతో చస్తున్నాయి. కనిపెట్టింది ఈ ఫకి."

అందరి తలలూ ముందు ఫకి వైపు, తర్వాత వువాయ్ వైపు తిరిగాయి.

"వదిలేస్తే దొరికేవారు కాదు మేస్త్రీ. ఎందుకు తడిపారు?" అన్నాడు ఉస్సి.

వువాయ్ తన చేతులు చూసుకున్నాడు. "నా చేతి గచ్చు పగిలితే చూడలేను. నలభై ఏళ్లలో ఒక్కటీ పగల్లేదు." తలెత్తి మెట్ల పైకి చూశాడు. "పైకప్పు గది పని నాకు ఇస్తారనుకున్నాను. నేను నేర్పినవాడికి ఇచ్చారు."

షినూనా లేచింది. "పోలీసుల్ని పిలుస్తాను."

"అమ్మగారూ, నన్ను దొంగ అన్నది మీ నోరే" అన్నాడు మకామె. "ఏం చెయ్యాలో నన్ను చెప్పనివ్వండి." ఉలి తీసుకుని గోడ దగ్గరికెళ్లాడు. అతుకును వేలితో తడిమాడు. "ఎంత బాగా వేశారు మేస్త్రిగారూ" అంటూనే ఉలి దించాడు. మూడు దెబ్బలకు వెండి మెరిసింది.

మీజె నోట్లో కంగా కొంగు కుక్కుకుని ఏడ్చింది.

"ఈ బొక్క నేను పూడుస్తాను" అన్నాడు మకామె. "వారం రోజులు నీళ్లు కొట్టేది మీరు. ఎవరైనా అడిగితే, ఇది మకామె గోడ అని మీ నోటితో చెప్పాలి."

వువాయ్ తలూపాడు. పోలీసు స్టేషనైనా అంత బరువుగా ఉండేది కాదేమో అనుకున్నాడు ఫకి.

ఇంటిదారిలో లెక్క వేసుకున్నాడు. షినూనాకు బుడ్డి, మూతి దగ్గర చిన్న సొట్టతో. మకామెకు మచ్చ లేని పేరు, పైకప్పు గది పని. మీజెకు కంటినిండా నిద్ర. వువాయ్‌కి ఏడు రోజుల నీళ్లు. ఇక తనకు, ఆ పొద్దున మెట్ల మీద నోరు మూసుకుని ఉంటే తను ఏమయ్యేవాడో తెలిసిన భయం. ఫకి దాన్ని లాభం కిందే వేసుకున్నాడు.