ఊ కొట్టని కుర్చీ

పొద్దున్నే ఆరింటికి మార్వలిన్ వంటింట్లోకి వచ్చేసరికి బల్ల మీద మూడు కప్పులున్నాయి. మూడింట్లోంచీ కోకో ఆవిరి లేస్తోంది. ఇంట్లో ఉన్నది మాత్రం ఇద్దరే.

"మూడోది ఎవరికమ్మా?"

ఇసిల్డా కుంపటి ముందు నుంచి తల తిప్పలేదు. "మీ నాన్నకి. ఆయన ఇంకా వెళ్ళలేదుగా."

మార్వలిన్ నాన్న హెజకాయా పోయి ఇవాళ్టికి పదో రోజు. నిన్న తొమ్మిదో రాత్రి తంతు జరిగింది. ఊరంతా వాకిట్లో పందిరి కింద చేరి పాటలు పాడారు, డామినోలు ఆడారు, ఆయన వాటా రమ్ము నేల మీద పోశారు. దానికి ముందే గదిలో మంచం అటుది ఇటు తిప్పేశారు, పరుపు తిరగేశారు. తిరిగొచ్చినా ఇది తన ఇల్లు కాదనుకోవాలని. చివర్లో ఇంటివాళ్ళు ఆయన గురించి రాసింది పైకి చదివారు. ఆ మాటలు విని, అవి తన గురించేనని తెలుసుకుని, పోయినవాడు లేచి వెళ్ళిపోతాడని ఆ తీరంలో నమ్మకం.

మార్వలిన్ ముందుగదిలోకి తొంగి చూసింది. నాన్న ఊగే కుర్చీని నిన్న తనూ బాబాయీ కలిసి మోసుకెళ్ళి వసారా చివర పెట్టారు. ఇప్పుడది సముద్రం వైపు కిటికీ పక్కన, పాత చోటే ఉంది.

"కుర్చీ నువ్వు జరిపావా?"

"నా నడుముకి అంత బలమే ఉంటే ఈ బొగ్గుల బస్తా నువ్వెందుకు మోస్తావే?"

మార్వలిన్ కుర్చీ మీద చెయ్యి పెట్టింది. కిటికీ మూసే ఉంది, అక్కడ ఎండ పొడ లేదు. అయినా కూర్చునే చోటు వెచ్చగా ఉంది.

అంతలో బాబాయి వాసెల్ డామినో బల్ల తీసుకుపోవడానికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయి కుర్చీ వంక చూశాడు. టోపీ తీసేశాడు.

"అనుకున్నా," అన్నాడు. "నిన్న నువ్వు చదివింది ఎవరి గురించమ్మాయ్? 'క్రమశిక్షణకు మారుపేరైన గృహస్థు' అన్నావు. మా అన్నకి తన చొక్కా ఎక్కడుందో తనకే తెలిసేది కాదు. పొరపాటున పక్కూరి తొమ్మిదో రాత్రికి వచ్చేశానేమో, లేపి పంపేస్తారేమోనని చేప ముక్క గబగబా మింగేశా."

"పాస్టరుగారు, మా హెడ్మాస్టరుగారు వచ్చారు బాబాయ్. వాళ్ళ ముందు అమ్మ రాసింది రాసినట్టు చదివితే నవ్వరా?"

మార్వలిన్ బళ్ళో భాష చెబుతుంది. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. అమ్మ నాలుగో తరగతితో బడి మానేసింది. యాభై ఎనిమిదో ఏట కూతురు తెచ్చిన నోటు పుస్తకాల్లో పెన్సిలుతో కథలు రాయడం మొదలుపెట్టింది. రాసింది రోజూ సాయంత్రం మొగుడికి చదివేది. ఆయన ఆ కుర్చీలో ఊగుతూ "ఊఁ, తర్వాత?" అనేవాడు. అలా పద్నాలుగు పుస్తకాలయ్యాయి. తొమ్మిదో రాత్రికని ఇసిల్డా నాలుగు పేజీలు రాస్తే, మార్వలిన్ ఎర్ర పెన్నుతో దిద్ది, ఇక లాభం లేదని మొత్తం తిరగరాసింది. ప్రేమతోనే చేసింది. అమ్మని ఎవరూ చిన్నచూపు చూడకూడదని చేసింది.

వంటింట్లోంచి కాగితం కాలిన వాసన వచ్చింది. మార్వలిన్ పరుగెత్తింది. ఇసిల్డా నోటు పుస్తకంలోంచి ఒక్కో పేజీ చింపి కుంపట్లో వేస్తోంది. పక్కన మిగతా పదమూడూ దొంతరగా ఉన్నాయి.

"అమ్మా! ఏంటిది?"

"తప్పుల తడకే కదే. పొయ్యి రాజేయడానికన్నా పనికొస్తాయి."

"నేను అలా అనలేదు!"

"నోటితో అనలేదు. ఆ నాలుగు పేజీలూ చేప కోసిన బండలా చేశావు, ఎక్కడ చూసినా ఎరుపే." ఇసిల్డా ఇంకో పేజీ చింపింది. "నువ్వు చదువుతుంటే నేను కుర్చీ వంకే చూస్తున్నా. తొమ్మిది రోజులుగా అది కిర్రుమంటూనే ఉంది. రాత్రి మాత్రం కదల్లేదు. ఊ కొట్టలేదు. ఎందుకు కొడతాడు? నువ్వెవరో పెద్దమనిషిని పిలిచావు. మీ నాన్న తన వంతు ఎప్పుడొస్తుందా అని కూర్చునే ఉన్నాడు."

ముందుగదిలో కుర్చీ ఒక్కసారి కిర్రుమంది.

మార్వలిన్ అమ్మ చేతిలోంచి పుస్తకం లాక్కుంది. దిద్దిన నాలుగు పేజీలూ అందులోనే మడిచి ఉన్నాయి. కుర్చీ ముందుకెళ్ళి నిలబడి, ఎర్ర గీతల కింద పెన్సిలు అక్షరాలు వెతుక్కుంటూ చదివింది.

"మా ఆయన గుమ్మంలోకొచ్చే ముందు రెండుసార్లు దగ్గుతాడు ఎందుకంటే ఒకసారి దగ్గకుండా వచ్చాడు నేను దొంగనుకుని చేపల కత్తి విసిరాను అప్పట్నించి ముప్పై ఏళ్ళు దగ్గుతున్నాడు..."

ఆగడానికి ఎక్కడా చుక్క లేదు. ఊపిరి అందక మార్వలిన్ గబగబా చదువుతోంది. అమ్మ మాట్లాడేదీ అలాగే కదా అని అప్పుడు తట్టింది.

"తుఫాను రోజు పడవ పోయింది ఆయన వచ్చాడు నేను కొట్టాను ఏడ్చాను ఏది ముందో గుర్తు లేదు..."

కుర్చీ ఊగుతోంది. గాలి లేదు. నాన్న పొగాకు వాసన గది నిండింది.

"నీకు భయం లేదా అన్నాను సముద్రమంటే లేదు నువ్వంటే ఉంది అన్నాడు ఇప్పుడు నాకుంది భయం నా కథ ఎవరు వింటారని."

"ఊఁ," అంది కుర్చీ వైపు నుంచి ఒక గొంతు.

బాబాయి గోడకి ఆనుకుపోయాడు. తలుపు గడియ దానంతటదే పైకి లేచింది. గుమ్మం అవతల రెండు దగ్గులు వినిపించాయి. దారికి అడ్డంగా పడుకున్న మేక లేచి, ఎవరికో తోవ ఇచ్చినట్టు పక్కకి జరిగింది. ఇసుక దారిలో పొగాకు వాసన సముద్రం వైపు పల్చబడుతూ పోయింది.

మార్వలిన్ కుర్చీ తాకి చూసింది. చల్లగా ఉంది.

"నేను తాగలేదు," అన్నాడు బాబాయి బల్ల వైపు చూపిస్తూ. మూడో కప్పులో కోకో మడ్డి మాత్రం మిగిలింది.

మార్వలిన్ అమ్మ కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. నాన్నని పంపడానికి కాదు, ఆపేయడానికే తన చదువంతా వాడింది. పెన్సిలు వెతికి అమ్మ చేతిలో పెట్టింది.

"మళ్ళీ తప్పులొస్తాయే," అంది ఇసిల్డా.

"రానీ. రాసేటప్పుడు నన్ను తలుచుకోకమ్మా. నాన్నకి చెబుతున్నట్టే రాయి. తప్పులకేం తొందర? అవి ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. నువ్వు రాయకపోతే దిద్దడానికైనా ఏముంటుంది?"

ఇసిల్డా కళ్ళు తుడుచుకుని, మసి అంటిన పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుంది. పైకి చదువుకుంటూనే రాసింది.

"ఇవాళ పొద్దున మా ఇంట్లో ముగ్గురం కోకో తాగాం..."

పెన్సిలు ఆగింది. ఇసిల్డా అలవాటుగా కుర్చీ వంక చూసింది. అది కదల్లేదు.

"ఊఁ," అంది మార్వలిన్ కింద నుంచి. "తర్వాత?"