అరువు రక్తపోటు

సాయంత్రం టీకి ముందు జ్ఞానేశ్వర్ తన భార్య రేవతి చేతికి బీపీ పట్టీ చుట్టేవాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే అలవాటు. "మా ఆయన నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడు" అని నరసరావుపేటంతా చెప్పుకుని మురిసిపోయేది పిచ్చిపిల్ల.

ఆ రోజు ముసురు పట్టింది. వెనక గోడౌన్‌లోని ఎండుమిర్చి ఘాటు ఇల్లంతా పాకింది. బీపీ చూశాక అతను గదిలోకి పోయి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కాలేజీలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే మనిషి. రేవతి వెనకే వెళ్ళి తొంగిచూసింది. తెర మీద ఒక గొట్టం. మధ్యలో బుడగలా ఉబ్బి ఉంది. లోపల నెత్తురు సుడులు తిరుగుతోంది. పక్కన రక్తపోటు అన్న గడిలో ఇందాకటి తన బీపీ అంకె.

"ఏందండీ అది?"

"పార్వతి పొట్టలోని పెద్ద రక్తనాళం. ఆసుపత్రి స్కాన్ చూసి చేశా. గోడ మీద ఒత్తిడి ఎక్కడ ఎక్కువై పగిలిందో తెలుసుకుందామని."

శివపార్వతి అతని మొదటి భార్య. ఆ నాళం పగిలే ఆమె చనిపోయింది.

"మరి నా బీపీ ఎందుకు కొడుతున్నారు అందులో?"

"స్కాన్‌లో ఆకారమే వస్తదే. రక్తపోటు రాదు. బతికున్న మనిషిది కావాలి గదా."

రేవతి కళ్ళలో కారం కొట్టినట్టయింది. తన పోటు పెట్టి సవతిని బతికిస్తున్నాడన్నమాట! బొమ్మయినా సవతి సవతే.

అతను టీ పెట్టడానికి వంటింట్లోకి పోయాడు. ఆమె కుర్చీలో కూర్చుంది. రక్తపోటు గడిలో తన అంకె చెరిపేసి సున్నా కొట్టింది.

"ఇక చాలు. పోవే" అని గొణిగింది.

తెర మీద నెత్తురు ఆగలేదు.

నీలంగా ఉన్న గొట్టం గోడ ఎర్రబడింది... ఉబ్బింది... తగ్గింది... ఊపిరి పీల్చినట్టు. వాన చప్పుడు వినిపించడం మానేసింది. కాళ్ళు చల్లబడ్డాయి. రేవతి మణికట్టు పట్టుకు చూసుకుంది. నాడి లేదు. మెడ తడుముకుంది. అక్కడా లేదు... పొట్టలో మాత్రం, బొడ్డు వెనకాల, ఏదో బరువుగా కొట్టుకుంటోంది.

"ఏవండీ..." అని పిలిచింది.

జ్ఞానేశ్వర్ టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చాడు. ఆమె ముఖంలోకి చూశాడు. భయపడలేదు. నవ్వాడు. అంత ప్రేమగా నవ్వడం రేవతి ఎన్నడూ ఎరగదు.

"ఏమే పార్వతీ, రేవతి ఏదీ?"

ఇక్కడే ఉన్నానని అరవబోయింది. నోరు తెరుచుకుంది.

"ఇందాకే పోయిందండీ" అంది ఆ నోరు, తీరిగ్గా. "తలుపేసి రండి..."