మోకాలు ముందు, మనిషి వెనక

పాత దస్తావేజుల్లో ఏది అసలో, ఏది నకలో తేల్చడం ఆమె ఉద్యోగం. మ్యూజియం వెనక గదిలో భూతద్దం పట్టుకుని కూర్చుని, ఫలానా రాజుగారు రాయించాడన్న దానపత్రాన్ని ఆయన పోయిన నూరేళ్ళకు ఎవడో తీరుబడిగా రాశాడని రుజువు చేయడంలో ఆమెకొక ముచ్చట ఉండేది. ఎవరైనా దెయ్యాల ఊసెత్తితే, "చూసినవాడు చెబుతున్నాడా, విన్నవాడు చెబుతున్నాడా?" అని అడిగేది. కబుర్లు అక్కడికి ఆగిపోయేవి.

అటువంటి మనిషి ఆ ముసురు సాయంత్రం మేడగదిలో కంప్యూటరు ముందు కూర్చుని, చనిపోయిన అక్క గొంతును ఫోనుకు రింగ్‌టోన్‌గా మలచడానికి కుస్తీ పడుతోంది.

అక్క పోయి ఏడాది కావస్తోంది. వాళ్ళింట్లో ఒక్కతే ఉండగా మెట్ల మీదనుంచి జారిపడిందన్నారు. అక్క ఫోను ఏమైందో దొరకనే లేదు. అంతకు కాసేపటి ముందే చెల్లెలికి ఫోన్ చేసింది. పనివేళల్లో మ్యూజియంవాళ్ళు ఫోన్లు బీరువాలో పెట్టించి తాళం వేస్తారు గనుక చెల్లెలు ఎత్తలేదు. అప్పుడు అక్క పంపిన వాయిస్ మెసేజ్ ఒక్కటే మిగిలింది.

"చిట్టీ, ఫోన్ ఎత్తవే. నీకో మాట చెప్పాలి."

ఆ తరువాత కాసేపు ఏదో గరగర, అంతే. ఆ మాటేమిటో చెప్పకుండానే వెళ్ళిపోయింది. ఇకనైనా ఫోన్ మోగినప్పుడల్లా అక్క పిలవాలి, తాను ఎత్తాలి. ఆమె కోరికల్లా అదే.

"ఇంకా ఆ పనేనా?" కింద వంటగదిలోంచి భర్త కేకేశాడు. "దిక్కుమాలిన సాఫ్ట్‌వేరు. నా వల్లే కాలేదు, నీ వల్లవుతుందా?"

"మీ వల్ల కాలేదు కనకే అవుతుందేమో చూస్తున్నాను."

"సరేలే, టీ పెడుతున్నాను. పంతులమ్మగారికి పంచదార వేయనా, వెటకారం చాలా?"

ఆమె నవ్వుకుంది. నిజానికి ఆ రింగ్‌టోన్ ఆయన రెండుసార్లు చేసి ఇచ్చాడు. రెండూ మూగవే. ఫోన్ వణికేది, గొంతు వచ్చేది కాదు. ఇవాళ ఆ ఫైళ్ళు తెరిచి చూస్తే, తెర మీద శబ్దం అలలుగా లేవాల్సిన చోట గీత గీసినట్టు చదునుగా ఉంది. శబ్దాన్ని ఎవరో పూర్తిగా అడుక్కి లాగేశారు. పొరపాటున ఆయన చెయ్యి తగిలిందేమోలే అనుకుంది. నకలు చెడితే మూలం చూడమన్నారు కదా అని, తన ఫోనులోని అసలు మెసేజ్ తీసుకుని మొదటినుంచీ మొదలుపెట్టింది.

ముందు ఫోను ఆ ఫైలును గుర్తించనే లేదు. రకం మార్చింది. గుర్తించింది గానీ, నిడివి ఎక్కువైందని పేచీ పెట్టింది. చివర కాస్త కత్తిరించింది. అంతా కుదిరాక వింటే, మాట వెనక ఫ్యాను గరగర. దాన్ని తొలగించే పరికరం కూడా సాఫ్ట్‌వేరులో ఉంది. 'నమూనా చూపండి' అంది.

ఇక్కడే ఆమె వృత్తి ఆమెను తప్పుదోవ పట్టించింది. కాగితం వయసు తేల్చేటప్పుడు నమూనాగా శుభ్రమైన చోటునే చూపిస్తారు. అలవాటు కొద్దీ ఆమె రికార్డింగులోకెల్లా శుభ్రమైన ముక్కను చూపించింది. అది అక్క గొంతు. సాఫ్ట్‌వేరు అడిగింది మకిలి నమూనా. చెప్పినదాన్ని తు.చ. తప్పకుండా చేసే పరికరం, అక్క గొంతునే మకిలి అనుకుని మొదలంటా కడిగేసింది.

హెడ్‌ఫోన్స్‌లో అక్క లేదు. అక్క మాటల కింద ఇన్నాళ్ళూ అణిగి ఉన్నది మాత్రం మిగిలింది.

ఫ్యాను తిరుగుతోంది. ఎక్కడో కుళాయి కారుతోంది. ఆమె శబ్దం పెంచింది.

టక్.

కాసేపాగి మళ్ళీ... టక్.

ఎవరో మెట్లెక్కుతున్నారు. ఎక్కినప్పుడల్లా ఒక కీలు విరుగుతోంది.

ఆ చప్పుడు ఆమెకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో అక్క ఎంత ఆటపట్టించేదని. "మా మరిదిగారికి కాలింగ్ బెల్లు అక్కర్లేదే. మోకాలు ముందొస్తుంది, మనిషి వెనక వస్తాడు." చిన్నప్పుడెప్పుడో సైకిలు మీదనుంచి పడి చెడిన ఎడమ మోకాలు అది.

ఆ రోజు ఆయన పని మీద పొరుగూరిలో ఉన్నాడు. ఆయనే చెప్పాడు. కబురు విని రాత్రి బస్సుకు వచ్చానన్నాడు. ఆమెకంటే ముందు ఆయనే ఏడ్చాడు.

టక్. తరువాత, చెవిలో చెప్పినంత దగ్గరగా, ఒక గుసగుస.

"వదినా... ఆ మాట దానికి చెప్పకండి. ఫోన్ ఇలా ఇవ్వండి."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, పన్నెండేళ్ళ కాపురం ఆమె కళ్ళముందే నీళ్ళమీద తేలిపోయింది. చదునైన ఆ రెండు గీతలూ గుర్తొచ్చాయి. చెయ్యి తగల్లేదు. చెయ్యి చేసుకున్నాడు.

ఆమె హెడ్‌ఫోన్స్ తీసేసింది.

టక్.

ఈసారి ఆ చప్పుడు మెట్ల మీదనుంచి వచ్చింది. టీ వాసన ముందుగా గదిలోకి వచ్చింది. ఆ వెనకే రెండు కప్పులతో ఆయన.

"అయిందా?"

"లేదండీ. ఉత్త ఫ్యాను చప్పుడు."

"చెప్పలేదూ?" ఆయన భుజాలు తేలికపడ్డాయి. కప్పులు బల్ల మీద పెట్టాడు. "చెరిపెయ్యవోయ్. వింటున్నకొద్దీ పుండు కెలుక్కోవడమే."

బల్ల మీద ఫోను వెలిగింది.

"చిట్టీ, ఫోన్ ఎత్తవే."

కొత్త రింగ్‌టోన్ ఆమె ఇంకా ఫోనులోకి ఎక్కించనే లేదు. ఈ గొంతులో గరగర లేదు. గదిలో నిలబడి పిలిచినట్టుంది. తెర మీద 'అక్క' అని ఉంది. ఆ నంబరును కంపెనీవాళ్ళు ఎప్పుడో తీసేశారు.

ఆయన మొహంలో నెత్తురు లేదు. చెయ్యి చాపాడు.

"ఫోన్ ఇలా ఇవ్వు."

అదే గుసగుస. అవే మాటలు.

ఆమె ఆయన కళ్ళలోకి చూస్తూ ఫోన్ ఎత్తి చెవికి ఆనించుకుంది. అవతల ఫ్యాను తిరుగుతోంది. కుళాయి కారుతోంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకొకటి. గుమ్మం దాటాడు.

ఫోనులో టక్ మంది.

ఆ తరువాతే ఆయన కాలు మొదటి మెట్టు మీద పడింది. టక్.

మళ్ళీ ఫోనులో... ఆ వెనక మెట్ల మీద. ప్రతిసారీ ఫోనే ముందు. మోకాలు ముందు, మనిషి వెనక.

ఆమె గుమ్మం దాకా నడిచింది. ఫోనులో మెట్లు దిగే చప్పుడు వేగం పుంజుకుంది. ఒక జారుడు. కమ్మీని గోళ్ళు గీరిన శబ్దం. బరువైనదేదో మెట్టు మెట్టుకూ కొట్టుకుంటూ అడుగు దాకా దొర్లింది. ఆ మీదట ఏమీ లేదు... ఫ్యాను మాత్రం.

మెట్ల మీద ఆయన ఇంకా సగంలోనే ఉన్నాడు. కమ్మీ పట్టుకుని పైకి చూస్తున్నాడు.

"ఎవరే?" అన్నాడు.

జాగ్రత్త అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు చెవిలో అక్క, ఎప్పటిలాగే నవ్వు ఆపుకుంటూ, మెల్లగా అంది.

"చిట్టీ, నీకో మాట చెప్పాలి. ఉండు... ముందు మరిదిగారిని దిగనీ."