ఉత్త గిన్నె

మస్కట్‌లో కూతురు షాహనా దగ్గర నలభై ఐదు రోజులుండి వచ్చిన లాల్‌బీ, మర్నాడు పొద్దున్నే టీ కూడా తాగకుండా ఖర్జూరం పొట్లం పట్టుకుని గూడూరులోని తమ ఇంటి దొడ్లోకి నడిచింది. ఇరవయ్యేళ్లుగా అలవాటైన దారి కాబట్టి ముందుకు చూడలేదు. చూసి ఉంటే ముక్కు గోడకు తగిలేది కాదు.

గోడ కొత్తది. పచ్చరంగు ఇంకా వాసన వేస్తోంది.

"ఎట్టుండాది?" అన్నాడు వెనకనుంచి భర్త అమీర్ బాషా. నిమ్మకాయలకు మంచి ధర పలికిన రోజున మాత్రమే కనిపించే నవ్వు ఆయన ముఖంలో ఉంది. పక్కనే కొడుకు నవీద్ చేతులు కట్టుకుని, రంగు వేసింది తనేనన్నట్టు నిలబడ్డాడు.

ఎప్పుడో తుపానుకు, పక్కింటికీ వీళ్లకీ మధ్యగోడ మనిషి పట్టేంత మేర కూలింది. ఆ సందులోంచే పక్కింటి పరంజ్యోతి వేళాపాళా లేకుండా వచ్చేది. కరివేపాకు కోసం వచ్చి, పొయ్యి మీది గిన్నె మూత తీసి, ఉప్పు చూసి, చింతపండు ఎక్కువైందని తీర్పు చెప్పి వెళ్లేది. కరివేపాకు మరిచిపోయి మళ్లీ వచ్చేది. "ఈ సందు పూడ్చే మొగోడే లేడా ఈ ఇంట్లో" అని లాల్‌బీ ఇరవయ్యేళ్లూ రోజుకోసారి అంది. మగవాళ్లిద్దరికీ ఆ మాట ఆవిడ ఊళ్లో లేనప్పుడు వినిపించింది.

"పరంజ్యోతికి ఏం చెప్పినారు?" అంది లాల్‌బీ.

"నీకు ఇష్టం లేదు, అందుకే కడతా ఉండామని చెప్పినా. దాచేదేముంది?"

లాల్‌బీ బట్టలుతికే బండమీద కూలబడింది. ఇంతలో వీధి తలుపు దగ్గర బెల్లు మోగింది. తలుపు తీస్తే పరంజ్యోతి. ఆ ఇంటికి బెల్లుందన్న సంగతి ఆమెకు తెలుసని ఇంతవరకూ ఎవరూ అనుకోలేదు.

"బాగున్నారా అండీ" అంది, చెప్పులు విడవకుండా. "మీ గిన్నె మా ఇంట్లో ఉండిపోయింది."

ఇరవయ్యేళ్లుగా "అక్కా" అని పిలిచిన నోరు. గిన్నె తళతళలాడుతోంది. లోపల ఏమీ లేదు. ఆ వీధిలో పక్కింటి గిన్నె ఉత్తగా తిరిగి రావడమన్నది లేదు. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా వేసి ఇస్తారు. లాల్‌బీ నోరు తెరిచేలోపే పరంజ్యోతి మెట్లు దిగిపోయింది.

లాల్‌బీ ఆ గిన్నె తెచ్చి భర్త ముందు పెట్టింది.

"రోజూ పూడ్చమన్నది నువ్వే గదా" అన్నాడాయన.

"ఇరవయ్యేళ్లుగా గురక పెట్టొద్దని కూడా అంటా ఉండా. అది విన్నారా?"

నవీద్ కల్పించుకున్నాడు. "అక్కావాళ్ల ఇల్లు ఎంత బాగుందో, ఎవరూ తలుపు కొట్టరని ఫోన్లో నువ్వే చెప్తివి గదమ్మీ."

"చెప్పినా. మొదటి వారం. రెండో వారం ఎదురు ఫ్లాటామెకి సేమ్యా పాయసం ఇచ్చినా. మంచిది, నవ్వుతా తీసుకునింది. మర్నాడు గిన్నె తోమి తెచ్చిచ్చింది. ఉత్త గిన్నె. ఆమె తప్పేం లేదు, వాళ్లకా పద్ధతి లేదు. నేనే వంటింట్లో నిలబడి ఏడిస్తే, అల్లుడు ఉల్లిగడ్డలు కోస్తా ఉండాననుకున్నాడు. ఏం వండినా బాగుందన్నారు. నలభై ఐదు దినాలు బాగుందనే అన్నారు. ఉప్పు తక్కువైందని చెప్పే మనిషి కోసం పానం కొట్టుకులాడింది. ఆమె తెలీక ఉత్త గిన్నె ఇచ్చింది." లాల్‌బీ గిన్నెను భర్త వైపు ఇంకాస్త జరిపింది. "పరంజ్యోతి తెలిసి ఇచ్చిపోయింది."

అమీర్ బాషా గిన్నె వంక చూశాడు. లేచి, మంచం కిందనుంచి గడ్డపార తీశాడు.

"రంగు కూడా ఆరలేదబ్బా" అన్నాడు నవీద్ దీనంగా.

"ఆరకముందే మేలు."

నాలుగో పోటుకు ఒక ఇటుక అవతలికి పడింది. "ఎవరది? నా వంగమొక్కల మీద పడేస్తా ఉండేది?" అంది అటునుంచి పరంజ్యోతి.

లాల్‌బీ ఆ కన్నం దగ్గర మొహం పెట్టింది. "నేనే. గోడ కట్టమన్నది నేను కాదు."

"రోజూ అంటా ఉంటిరి గదండీ."

"నీ ఎదురుగానే గదా అన్నా. నీ చాటున ఒక్కనాడన్నా అన్నానా?"

అటువైపు నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"పచ్చరంగు మీ పక్కే ఏసుకున్నారు. మా పక్క ఉత్త సిమెంటేనా అక్కా?"

లాల్‌బీ గిన్నెలో ఖర్జూరాలు పోసి కన్నంలోంచి అందించింది. అందుకున్న చెయ్యి గిన్నెతోపాటు ఆవిడ వేళ్లనూ పట్టుకుని, వెంటనే వదల్లేదు.

మధ్యాహ్నానికి సందు మనిషి పట్టేంత అయింది. పరంజ్యోతి జుట్టునిండా ఇటుకపొడితో పక్కకు తిరిగి దూరి వచ్చింది. గిన్నెలో మామిడికాయ వేసిన చేపల పులుసు. దాన్ని వంటింటి గట్టుమీద పెట్టి, అలవాటుగా పొయ్యి మీది మూత తీసి, చారు అరచేతిలో వేసుకుని నాకింది.

"దేశాలు తిరిగొచ్చి ఉప్పెయ్యడమే మరిచిపోయినావక్కా."

లాల్‌బీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆపైన గొంతు సవరించుకుని, వీధి చివరిదాకా వినిపించేలా అంది: "ఈ సందు పూడ్చే మొగోడే లేడా ఈ ఇంట్లో!"

ముందుగదిలో అమీర్ బాషా టీవీ శబ్దం పెంచాడు.