సూత్రప్రాయంగా

విరిగిన కళ్లజోడు చేత్తో పట్టుకుని అతను ఆ కళ్లజోళ్ల షాపులోకి అడుగుపెట్టేసరికి, కౌంటర్ వెనక ఒక అమ్మాయి ఎర్ర పెన్సిల్‌తో న్యూస్‌పేపర్ని చెడామడా దిద్దేస్తోంది.

"కూర్చోండి. ఈ ఒక్క అబద్ధం దిద్దేసి వస్తాను."

కళ్లజోడు లేకపోతే అతనికి పేపరైనా పరుపైనా ఒకటే. కానీ ఆమె పైకి చదువుతుంటే ప్రతి ముక్కా ఎక్కడో విన్నట్టే ఉంది.

"'దిగుమతి సుంకాల తగ్గింపునకు ఇరు దేశాలూ సూత్రప్రాయంగా అంగీకరించాయి. ధరలు త్వరలో దిగివస్తాయని విశ్వసనీయ వర్గాలు తెలిపాయి.' ఇది రాసిందెవరో గానీ, ఆ మనిషికి బొత్తిగా కళ్లు కనపడవండీ!"

"నిజమేనండీ. మైనస్ నాలుగు," అన్నాడతను.

పెన్సిల్ ఆగిపోయింది. ఆ పేపర్లో విదేశీ వ్యాపార వార్తలు అనువదించేది అతనే మరి. ఆమె నాలుక్కరుచుకుంది. అయితే అది ఒక్క క్షణమే.

"నాన్నా, ఇలా రా! విశ్వసనీయ వర్గాలు మన షాపుకే వచ్చాయి!"

లోపల అద్దాలు అరగదీస్తున్న తండ్రి, చేతులు తుడుచుకుంటూ వచ్చి అతన్ని ఎగాదిగా చూశాడు. "నువ్వేనా బాబూ? రోజూ 'త్వరలో' అని రాస్తావు. నేను దాని పక్కన 'ఎప్పుడు?' అని రాస్తూనే ఉన్నాను. ఇన్నేళ్లలో ఒక్కదానికీ జవాబు రాలేదు."

అతను బుద్ధిగా తల వంచుకుని ఫ్రేమ్ ముక్కలు కౌంటర్ మీద పెట్టాడు. "ఇలాంటిదే కావాలండీ."

"విదేశీ సరుకు. రేటు పెరిగింది," అందామె.

"సుంకాలు తగ్గాయి కదా?"

"ఆఁ, సూత్రప్రాయంగా తగ్గాయి!"

అతనికి నవ్వొచ్చింది. "ఆ మాటకి అసలు అర్థం చెప్పనా? పెద్దవాళ్లు కూర్చుని, టీ తాగి, ఫొటో దిగి, ఏమీ తేల్చకుండా లేచిపోతే మేం అలా రాస్తాం."

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు ఎలా ఉందో చూడ్డానికైనా కళ్లజోడు కావాలని అతనికి గట్టిగా అనిపించింది.

కొత్త కళ్లజోడు వచ్చింది. నవ్వు అనుకున్నదానికంటే బాగుంది. అక్కణ్నుంచి వారానికి రెండుసార్లు అతనికి ఆ వీధిలో పని పడుతూనే ఉంది.

"స్క్రూ మళ్లీ లూజైందండీ."

"ఫ్రేముకా, మీకా?"

స్క్రూ బిగించేలోపు ముగ్గురూ కలిసి ప్రపంచాన్ని ఉతికి ఆరేసేవాళ్లు. చమురు ధర పెరిగితే బస్సు చార్జీకి ఆ సాయంత్రానికే తెలిసిపోతుందనీ, తగ్గితే మాత్రం ఆ కబురు దారి తప్పుతుందనీ తండ్రి అనేవాడు. ఎన్నికల ముందు లక్షల్లో ఉండే ఉద్యోగాలు ఎన్నికలయ్యాక కమిటీల్లో ఉంటాయని ఆమె అందుకునేది. అతను ఆమె వేళ్లకేసి చూస్తూ అన్నిటికీ తలాడించేవాడు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. షాపు చూరు కింద ఇద్దరే నిలబడ్డారు. కళ్లజోడు మీద చినుకులు పడి అతనికి మళ్లీ ఏమీ కనపడటం లేదు. ధైర్యం చెయ్యడానికి అదే మంచి సమయమనిపించింది.

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె చూరు నీళ్ల కింద అరచెయ్యి పట్టింది. తర్వాత, "సూత్రప్రాయంగా ఒప్పుకున్నాను," అనేసి ఒక్క పరుగున లోపలికి వెళ్లిపోయింది.

అతను గొడుగు చేతిలోనే ఉంచుకుని తడుస్తూ ఇంటికెళ్లాడు. టీ, ఫొటో, ఏమీ తేల్చకుండా లేచిపోవడం. ఆ అర్థం చెప్పింది తనే. కాదని చెప్పలేక ఆమె మర్యాదగా అలా తప్పించుకుందనుకున్నాడు.

మర్నాటి నుంచి షాపు వైపు పోలేదు. పేపర్లో మాత్రం ఉన్నదున్నట్టు రాయడం మొదలుపెట్టాడు. "చర్చల్లో ఏమీ తేలలేదు." "ధరలు ఎప్పుడు తగ్గుతాయో ఎవరికీ తెలియదు." ఎడిటర్ తల పట్టుకున్నాడు. "ఏంటయ్యా ఇది? కాస్త ఆశ ఉండేట్టు రాయి!"

పదో రోజు ఆమె చంకలో తొమ్మిది పేపర్లు పెట్టుకుని ఆఫీసుకే వచ్చేసింది.

"ఒంట్లో బాగాలేదా మీకు? తొమ్మిది రోజులుగా మీ పేపర్లో దిద్దడానికి ఒక్క ముక్కా దొరకట్లేదు. నాన్న కంగారుపడి చూసి రమ్మన్నారు."

"మీరు కాదన్నాక ఇంక రావడం బాగోదని..."

"నేనెప్పుడు కాదన్నాను?"

"సూత్రప్రాయంగా అన్నారుగా."

 ఆమెకి ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్లలో నీళ్లొచ్చాయి. "నాన్నకి చెప్పేదాకా ఆగమని అలా అన్నానండీ. సగం సిగ్గు, సగం వేళాకోళం. దేశాల మాట నమ్మకపోతే నమ్మకండి. నా మాటైనా నమ్మొద్దూ? రోజూ ఆ స్క్రూడ్రైవర్ ముందు పెట్టుకుని గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను."

"నేను ఉత్త మొద్దుని," అన్నాడతను.

"ఆ వార్త దిద్దక్కర్లేదు," అందామె కళ్లు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రమే ఇద్దరూ తండ్రి ముందు నిలబడ్డారు. ఆయన అంతా విని గొంతు సవరించుకున్నాడు. "నాకిష్టమే బాబూ. మీవాళ్లని ఎప్పుడు తీసుకొస్తావు?"

"త్వరలోనే తీసుకొస్తానండీ."

ఆయన చెవి మీది ఎర్ర పెన్సిల్ చప్పున చేతిలోకి వచ్చింది. "ఎప్పుడు?"

"ఆదివారం! ఉదయం పదకొండుకి! అమ్మా, నాన్నా ఇద్దరూ వస్తారు!"

"ఎవరు తెలిపారు? విశ్వసనీయ వర్గాలా?"

"మా అమ్మండీ. ఇందాకే ఫోన్లో."

ఆయన ఆ ముక్క కాగితం మీద రాసుకుని గోడకి అంటించాడు.

ఆదివారం పదకొండుకి అయిదు నిమిషాలుందనగా అతనూ, అతని తల్లిదండ్రులూ షాపు మెట్లెక్కారు. తండ్రి ముందు గడియారం చూశాడు. తర్వాత పెన్సిల్ తీసి, ఆ కాగితం మీద ఇన్నేళ్లలో తన మొదటి టిక్కు పెట్టాడు.

"రండి బావగారూ, లోపలికి రండి," అన్నాడు.